తాగుడు మానినాక పథ్యం

 

జ్వరం వస్తే ఏం చేస్తారు? డాక్టరు దగ్గరికి పోతారు. మాత్ర మింగుతారు. జ్వరం దిగుతుంది. దిగిన రోజే కోడికూర తింటారా? తినరు. నాలుగు రోజులు పథ్యం చేస్తారు. జావ తాగుతారు. ఎండకు తిరగరు. ఎందుకు? జ్వరం తిరగబెడుతుందని భయం.

తాగుడు కూడా అట్లాంటిదే. తాగుడు మానడం అంటే జ్వరం దిగడం. ఆ తర్వాత చేయాల్సిన పథ్యం ఒకటి ఉంది. చాలామంది మానుతారు. పథ్యం చేయరు. అందుకే తిరగబెడుతుంది. "వాడు పదిసార్లు మానినాడులే" అని ఊరు నవ్వుతుంది.

అది నవ్వే మాట కాదు. పదిసార్లు మానిన మనిషికి మానడం చేతనవును. మానినదాన్ని నిలబెట్టుకోవడమే అతనికి ఎవరూ చెప్పలేదు. ఈ మాటలు దాని గురించే.

అంగడి మూసినారు, మళ్లీ తెరిచినారు

1980లలో పల్లె పల్లెకూ సారా ప్యాకెట్లు వచ్చాయి. 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే వాటిని అమ్మించింది. కూలి డబ్బు ఇంటికి రాకముందే అంగడికి పోయేది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలి చేసిన ఆడవాళ్లు రాత్రిపూట పలక పట్టారు. వాళ్ల వాచకంలో ఒక పాఠం ఉంది. ఒక ఊరి ఆడవాళ్లు కలిసి సారా అంగడి మూయించిన కథ అది. దూబగుంట ఆడవాళ్లు ఆ దారినే నడిచారు. వాళ్లు తమ ఊర్లో సారా అమ్మనివ్వలేదు. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఆ ఉద్యమం నెల్లూరు దాటింది. చిత్తూరు జిల్లాకూ వచ్చింది.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించారు. 1995 జనవరిలో మద్య నిషేధం తెచ్చారు. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. 2019 అక్టోబరులో అంగళ్లను ప్రభుత్వమే నడపడం మొదలు పెట్టింది. 2024 అక్టోబరులో అవి మళ్లీ ప్రైవేటు వాళ్ల చేతికి పోయాయి.

చూడండి. మూసినారు, తెరిచినారు. మళ్లీ మార్చినారు. ఆ ఆడవాళ్ల పోరాటం చిన్నది కాదు. చదువు ఏం చేయగలదో అది లోకానికి చూపింది. అయినా ఒక మాట నిజం. అంగడి తలుపు ఎవరి చేతిలోనో ఉంటుంది. నోటి తలుపు మాత్రం ఎవరిది వారి చేతిలోనే ఉంటుంది.

కుప్పం సంగతే చూడండి. ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. ఈడ అంగడి మూసినా, సరిహద్దు దాటితే ఆడ తెరిచి ఉంటుంది. కాబట్టి అంగడి మూస్తేనే మానుతానని కూర్చుంటే కుదరదు. అంగడి తెరిచి ఉన్నా దాటిపోయే బలం కావాలి. ఆ బలం పథ్యంతో వస్తుంది.

మొదటి వారం జాగ్రత్త

ముందుగా ఒక హెచ్చరిక. ఇది ప్రాణానికి సంబంధించిన మాట. జాగ్రత్తగా చదవండి. పక్కవాళ్లకు కూడా చదివి వినిపించండి.

అప్పుడప్పుడు తాగే మనిషి ఒక్కసారిగా మానవచ్చు. కానీ కొందరు ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగుతారు. తెల్లారి లేస్తూనే తాగకపోతే వాళ్లకు చేతులు వణుకుతాయి. అట్లాంటి మనిషి డాక్టరును అడగకుండా ఒక్కసారిగా మానకూడదు.

ఎందుకు? సారా మెదడును జోకొడుతుంది. రోజూ జోకొడుతుంటే మెదడు దానికి ఎదురుగా గట్టిగా లాగుతూ ఉంటుంది. బరువు బండి లాగే ఎద్దులను తలుచుకోండి. కాడి ఒక్కసారి తెగితే ఎద్దులు ముందుకు పడతాయి. సారా ఒక్కసారి ఆగితే మెదడు కూడా అట్లాగే అదుపు తప్పుతుంది.

ఆపిన కొన్ని గంటలకే చేతులు వణుకుతాయి. చెమటలు పడతాయి. గుండె దడ వస్తుంది. నిద్ర పట్టదు. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. ఇంకొందరికి రెండు మూడు రోజులకు మతి తప్పుతుంది. లేని మనుషులు కనిపిస్తారు. పురుగులు పాకినట్టు ఉంటుంది. ఒళ్లు కాలిపోతుంది.

ఇది గాలి సోకడం కాదు. దయ్యం పట్టడం కాదు. తాగుడు ఆపినందుకు ఒంట్లో వచ్చిన మార్పు ఇది. తాయెత్తు కట్టించి కాలం పోగొట్టకండి. వెంటనే 108కి ఫోను చేయండి. ఆసుపత్రిలో దీనికి మందు ఉంది. ఆలస్యం చేస్తే ప్రాణం పోవచ్చు.

అందుకే ఎక్కువగా తాగే మనిషి ముందే ఆసుపత్రికి పోవాలి. "అయ్యా, నేను మానాలనుకుంటున్నాను. రోజుకు ఇంత తాగుతాను" అని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. సిగ్గు పడాల్సిన పని లేదు. సగం చెప్పి సగం దాస్తే డాక్టరు సగం మందే ఇస్తాడు.

ఒంటికి బలం ఎట్లా వస్తుంది?

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. క్షయ రోగుల ఆసుపత్రిగా దానికి వందేళ్ల పేరు ఉంది. 1940ల దాకా లోకంలో ఎక్కడా క్షయకు గట్టి మందు లేదు. అప్పుడు అట్లాంటి ఆసుపత్రుల్లో చేసిన వైద్యం ఏమిటి? మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. రోగులు నెలల తరబడి ఓపికగా ఉండేవారు. ఒళ్లు కోలుకోవడానికి కాలం పడుతుందని వాళ్లకు తెలుసు.

తాగుడు మానిన ఒంటికీ అంతే ఓపిక కావాలి. సారా కడుపు నిండినట్టు చేస్తుంది. కానీ కండకు, రక్తానికి కావలసింది అందులో ఏమీ లేదు. పైగా తిన్న తిండిలోని సత్తువను ఒంటికి పట్టనివ్వదు. ముఖ్యంగా 'బి1' అనే విటమిన్ తగ్గిపోతుంది. అది బాగా తగ్గితే నడక తూలుతుంది. చూపు చెదురుతుంది. మతిమరుపు వస్తుంది. తాగకుండా ఉన్నప్పుడు కూడా మనిషి తూలుతుంటే డాక్టరుకు చూపించాలి. ఆ విటమిన్‌ను సూదిగానో మాత్రగానో ఇస్తారు.

ఇంట్లో ఏం తినాలి? కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. ఈ సీమ తిండే మంచి తిండి.

పొద్దున రాగి అంబలి. మధ్యాహ్నం రాగి సంగటి, పప్పు, ఆకుకూర. ఉలవలు, పెసలు, అలసందలు గుగ్గిళ్లుగా తినవచ్చు. చెనక్కాయలు గుప్పెడు చాలు. రోజుకు ఒక గుడ్డు మంచిది. మజ్జిగ మంచిది. జామకాయ, నిమ్మకాయ, ఉసిరికాయ దొరికినప్పుడు వదలకండి.

మూడు పూటలా తినాలి. వేళకు తినాలి. ఇది పెద్ద మాట. ఎందుకంటే ఖాళీ కడుపే సారాను అడుగుతుంది. సాయంత్రం ఆరు గంటలకు అంగడి గుర్తొచ్చే మనిషి ఐదున్నరకే ఏదైనా తినాలి. కడుపు నిండితే అంగడి కొంచెం దూరమవుతుంది.

మానిన కొత్తలో చాలామందికి తీపి మీద మనసు పోతుంది. ఒక బెల్లం ముక్క, ఒక అరటిపండు తినవచ్చు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగాలి. పొట్ట నీరుపట్టి ఉబ్బినవాళ్లు ఉప్పు, నీళ్లు ఎంత తీసుకోవాలో డాక్టరే చెప్పాలి.

నిద్ర సంగతి కూడా తెలుసుకోండి. మానిన తర్వాత కొన్ని వారాలు నిద్ర సరిగా పట్టదు. "తాగితేనే నాకు నిద్ర" అని చాలామంది మళ్లీ మొదలు పెడతారు. కొంచెం ఓర్చుకుంటే నిద్ర దానంతటదే తిరిగి వస్తుంది. చీకటి పడినాక టీ, కాఫీ వద్దు. పగలు ఒంటికి పని చెప్పండి. రాత్రి ఒకే వేళకు పడుకోండి. అంగడిలో నిద్రమాత్రలు కొని మింగకండి. ఒక అలవాటు పోయి ఇంకొక అలవాటు పట్టుకుంటుంది.

ఒళ్లు ఎప్పటికి బాగవుతుంది? కాలేయానికి పట్టిన కొవ్వు కొన్ని వారాల్లోనే కరగడం మొదలవుతుంది. బీపీ తగ్గుతుంది. ఆకలి పుడుతుంది. కాలేయం గట్టిపడి మచ్చలు పడితే అవి పూర్తిగా పోవు. అప్పుడు కూడా మానితే ఆయుష్షు పెరుగుతుంది. "ఇంక మానితే ఏం లాభం?" అనే మాట అబద్ధం. ఎప్పుడు మానినా లాభమే.

కళ్లు పచ్చబడినా, రక్తం కక్కినా, విరేచనం తారులాగా నల్లగా వచ్చినా ఒక్క పూట కూడా ఆగకండి. ఆసుపత్రికి పోండి.

క్షయ గురించి కూడా ఒక మాట. ఎక్కువగా తాగేవాళ్లకు క్షయ వచ్చే ముప్పు మిగతావాళ్లకంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోవాలి. క్షయ మందులు వాడుతూ తాగితే కాలేయం బాగా దెబ్బతింటుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందులు రెండూ ఉచితమే.

యావ అంటే వంకకు వచ్చిన వరద

మానిన తర్వాత కూడా తాగాలని మనసు గుంజుతుంది. నాలుక లాగుతుంది. దాన్ని యావ అంటారు. యావ వచ్చిందని భయపడకూడదు. "నేను చెడ్డవాణ్ణి, నాకు మనసు గట్టిది కాదు" అని కుంగిపోకూడదు. ఏళ్ల అలవాటు మెదడులో దారి వేసుకుంది. కొంతకాలం ఆ దారి పిలుస్తుంది. నడవకపోతే దారికి గడ్డి మొలుస్తుంది.

వంక పారడం చూసే ఉంటారు. కొండ మీద వాన పడుతుంది. ఎండిన వంకలో ఒక్కసారి ఎర్రనీళ్లు వస్తాయి. చూస్తుండగానే నడుము లోతు పెరుగుతాయి. అప్పుడు ఎవరైనా వంకలో దిగుతారా? దిగరు. గట్టున ఆగుతారు. బీడీ కాలేంత సేపు, నాలుగు మాటలు చెప్పుకునేంత సేపు నిలబడతారు. నీళ్లు తగ్గుతాయి. అప్పుడు దాటుతారు.

యావ కూడా వంకే. వస్తుంది, పెరుగుతుంది, తగ్గుతుంది. చాలాసార్లు అరగంట లోపలే తగ్గిపోతుంది. యావ పెరిగేటప్పుడు "ఇది ఎప్పటికీ తగ్గదు, తాగితేనే తగ్గుతుంది" అనిపిస్తుంది. అది తప్పు. తాగకపోయినా తగ్గుతుంది. ఆ అరగంట గట్టున ఆగడమే విద్య.

ఆ అరగంటలో ఏం చేయాలి? నాలుగు మాటలు గుర్తు పెట్టుకోండి.

ఆగు. "ఇప్పుడు కాదు, అరగంట తర్వాత చూద్దాం" అని మనసుకు చెప్పాలి. జీవితాంతం తాగనని ఒట్టు పెట్టుకుంటే కొండంత బరువు. ఈ అరగంట తాగను అంటే ఎవరైనా మోయగలరు.

నీళ్లు తాగు. ఒక చెంబు నీళ్లో, మజ్జిగో నెమ్మదిగా తాగాలి. ఏదైనా తినాలి.

కదులు. ఉన్న చోటు నుంచి లేవాలి. నడవాలి. కట్టెలు కొట్టాలి. పశువుకు గడ్డి వేయాలి. చేతికి పని ఉంటే మనసు దాని వెంట పోతుంది.

చెప్పు. "నాకు ఇప్పుడు తాగాలని ఉంది" అని నమ్మిన మనిషికి చెప్పాలి. లోపల దాచిన యావ పెరుగుతుంది. బయటికి చెప్పిన యావ తగ్గుతుంది.

ఆగు, నీళ్లు తాగు, కదులు, చెప్పు. ఈ నాలుగు మాటలూ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాయండి. తలుపు వెనుక అంటించండి.

యావ ఊరికే రాదు. నాలుగు సమయాల్లో ఎక్కువగా వస్తుంది. ఆకలి వేసినప్పుడు, కోపం వచ్చినప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు, బాగా అలిసిపోయినప్పుడు. యావ రాగానే ఈ నాలుగింటిలో ఏదో చూసుకోవాలి. ఆకలికి అన్నం మందు. అలుపుకు నిద్ర మందు. ఒంటరితనానికి మనిషి మందు. కోపానికి కాసేపు దూరం నడవడం మందు. ఏ ఒక్కదానికీ సారా మందు కాదు.

మూడు ఊర్లు, మూడు గండాలు

యావ చోటును బట్టి కూడా వస్తుంది. ఎక్కడ వస్తుందో ముందే తెలిస్తే ఉపాయం చేయవచ్చు.

మదనపల్లె టమోటా మండీలో పని చేసే ఒక హమాలీ అనుకుందాం. తెల్లవారినప్పటి నుంచి బాక్సులు మోస్తాడు. ఒళ్లు నొప్పులు. చేతిలో కూలి డబ్బు పడుతుంది. వెంట ఉన్నవాళ్లు పిలుస్తారు.

"ఏంన్నా, మమ్మల్ని మరిచిపోయినావా? రా, ఒక్క గుక్కే."

"వద్దు తమ్ముడూ. నా ఒంటికి పడదు. టీ తాగుదాం రా."

"ఒక్క రోజుకు ఏం కాదులేన్నా."

"ఆ ఒక్కటే నాకు గండం. టీ అయితే నేనే ఇప్పిస్తా."

అంతే. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. వాదన వద్దు. ఎదుటివాళ్లను తిట్టడం వద్దు. జవాబు పొట్టిగా ఉండాలి. ఒకే మాట ప్రతిసారీ చెప్పాలి. ముందే ఇంట్లో పదిసార్లు పలికి చూసుకోవాలి. పాఠం అప్పజెప్పినట్టు నోటికి రావాలి. కూలి పడే రోజు భార్యనో, పెద్ద కొడుకునో మండీకి రమ్మనవచ్చు. డబ్బు చేతికి ఇచ్చేస్తే జేబు ఖాళీ. ఖాళీ జేబును అంగడి పిలవదు.

పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర పెద్దది. కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర పెద్దది. జాతర అంటే బంధువులు వస్తారు. వేటలు తెగుతాయి. సీసాలు కూడా వస్తాయి. మానిన మనిషికి ఇది గండం. మొదటి ఏడాది జాతరలో ఎక్కువసేపు నిలవకపోవడమే మంచిది. పిల్లల చెయ్యి పట్టుకొని పోవాలి. అమ్మవారికి దండం పెట్టాలి. వాళ్లకు బొరుగులు, బొమ్మలు కొనిపెట్టాలి. చీకటి పడక ముందే తిరిగి రావాలి. ఇంటికి చుట్టాలు వస్తే ముందే చెప్పాలి. "మా ఇంట్లో సీసా దించకండి. ఏమీ అనుకోవద్దు." ఒకసారి చెప్పడానికి మొహమాటం. చెప్పకపోతే ఏడాదంతా కష్టం.

కుప్పం నుంచి చాలామంది రైలెక్కి బెంగళూరుకు పనికి పోతారు. కొందరు అక్కడే రేకుల గదిలో నలుగురితో ఉంటారు. ఇల్లు దూరం. రాత్రి పొద్దుపోదు. గదిలో ఒకరు తాగితే అందరికీ వాసన. అట్లాంటి మనిషి తాగని వాళ్లున్న గది చూసుకోవాలి. రోజూ ఒకే వేళకు ఇంటికి ఫోను చేయాలి. పిల్లలతో మాట్లాడాలి. బస్తీలో భజన ఉంటే అక్కడికి, లైబ్రరీ ఉంటే అక్కడికి పోవాలి. చదవడం నేర్చిన మనిషికి ఒక లాభం ఉంది. పేపరు పట్టుకుంటే సాయంత్రం గడిచిపోతుంది.

"కల్లు కదా, సారా కాదు కదా. బీరు కదా, బ్రాందీ కాదు కదా" అని కొందరు సర్ది చెప్పుకుంటారు. పేరు వేరు, సీసా వేరు. లోపలి మత్తు ఒకటే. తక్కువగా తాగినా అది ఒంటికి క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

ఒక హోటల్లో ఒక ఫోను

ఈ కథ దూరదేశానిది. అయినా విషయం దగ్గరిదే.

1935 మే నెల. అమెరికాలో ఏక్రన్ అనే ఊరు. బిల్ అనే వ్యాపారి పని మీద ఆ ఊరు వచ్చాడు. అతను బాగా తాగి, కొన్ని నెలల కిందటే మానిన మనిషి. వచ్చిన పని చెడిపోయింది. తెలిసిన వాళ్లు లేరు. హోటల్లో ఒక పక్క బారు. నవ్వులు, కేకలు వినిపిస్తున్నాయి. ఇంకో పక్క టెలిఫోను.

యావ వచ్చింది. అతను బారులోకి పోలేదు. ఫోను దగ్గరికి పోయాడు. తనలాగే తాగుడుతో బాధపడే మనిషి ఎవరైనా ఈ ఊర్లో ఉన్నారా అని అడిగాడు. ఆ ఫోను వల్ల బాబ్ అనే డాక్టరు దొరికాడు. ఆ డాక్టరు కూడా తాగుడు వదల్లేక బాధపడుతున్నాడు. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. ఒకరికొకరు ఆసరా అయ్యారు. ఆ ఇద్దరి నుంచే 'ఆల్కహాలిక్స్ అనానిమస్' అనే సంఘం పుట్టింది. దాన్ని 'ఏఏ' అంటారు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉంది. భారతదేశంలోనూ ఉంది. రుసుము లేదు. కులం, మతం అడగరు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు.

ఇందులో నీతి ఏమిటి? యావ వచ్చినప్పుడు రెండు దారులు ఉంటాయి. ఒకటి సీసా దగ్గరికి. ఇంకొకటి మనిషి దగ్గరికి. మనిషి దగ్గరికి పోయినవాడు నిలబడ్డాడు.

ఊర్లో మానినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే వారానికి ఒకసారి కూర్చోండి. రచ్చబండ చాలు, బడి అరుగు చాలు. "ఈ వారం నాకు ఎప్పుడు యావ వచ్చింది, ఎట్లా దాటినాను" అని చెప్పుకోండి. అక్కడ విన్న మాట బయట చెప్పకూడదు. అదొక్కటే కట్టుబాటు.

ఇంటివాళ్లు ఏం చేయాలి?

ఆడవాళ్లు ఎన్నో ఏళ్లు బాధపడ్డారు. దెబ్బలు తిన్నారు. అప్పులు తీర్చారు. కోపం ఉంటుంది. న్యాయమే. అయినా మానిన మనిషిని "ఎన్నాళ్లులే నీ వేషం" అని పొడవకండి. ఆ మాట అతన్ని అంగడి దాకా నడిపిస్తుంది. "ఈరోజుకు పది రోజులయింది" అని గుర్తు చేయండి. గోడ మీది క్యాలెండర్‌లో రోజూ ఒక గీత పెట్టండి. పిల్లలతో పెట్టించండి.

ఒక తప్పు మాత్రం ఎవరూ చేయకూడదు. "ఈ పొడి కూరలో కలపండి, తెలియకుండా మానతాడు" అని కొందరు అమ్ముతారు. కొనకండి. అట్లాంటి పొడిలో ఏముందో ఎవరికి తెలుసు? డైసల్ఫిరాం అనే నిజమైన మందు ఒకటి ఉంది. అది మింగి తాగితే వాంతులు, గుండె దడ వస్తాయి. బీపీ పడిపోతుంది. ప్రాణం కూడా పోవచ్చు. అది డాక్టరు పరీక్ష చేసి, ఆ మనిషికి చెప్పి, అతను ఒప్పుకుంటేనే ఇవ్వాల్సిన మందు. దొంగతనంగా పెట్టేది కాదు. యావను తగ్గించే మందులు వేరే ఉన్నాయి. అవీ డాక్టరు చెబితేనే వాడాలి.

మనిషి కొడుతుంటే, చంపుతానంటుంటే ఓర్చుకోవడం పథ్యం కాదు. ముందు ఆడవాళ్లు, పిల్లలు క్షేమంగా ఉండే చోటుకు పోవాలి. 112కు గాని, 181కు గాని ఫోను చేయాలి.

కాలు జారితే?

కొందరు మూడు నెలలు ఆగి ఒకరోజు తాగుతారు. "ఇంక అయిపోయింది, వ్రతం చెడింది" అని మళ్లీ రోజూ మొదలు పెడతారు. గట్టు మీద నడిచే మనిషి కాలు జారితే ఏం చేస్తాడు? బురదలోనే పడుకుంటాడా? లేస్తాడు. కాలు కడుక్కుంటాడు. ఎక్కడ జారిందో చూసుకుంటాడు. ఈసారి ఆ చోట చూసి నడుస్తాడు.

తాగడం కూడా అంతే. మరుసటి రోజే ఆపాలి. నమ్మిన మనిషికి చెప్పాలి. ఏ పూట, ఎవరితో, ఎందుకు జరిగిందో చూసుకోవాలి. ఆ మూడు నెలలు ఎక్కడికీ పోలేదు. అప్పుడు నేర్చింది చేతిలోనే ఉంది. అయితే ఒక జాగ్రత్త. ఆగిన ఒళ్లు మునుపటంత తట్టుకోలేదు. పాత లెక్కన తాగితే ప్రమాదం.

ఒక లెక్క వేయండి

రోజుకు 150 రూపాయలు తాగుడుకు పోతుంది అనుకుందాం. 30 రోజులకు ఎంత? 4,500 రూపాయలు. 12 నెలలకు ఎంత? 54,000 రూపాయలు. ఆ డబ్బుతో ఏమేమి చేయవచ్చో ఇంట్లో అందరూ కూర్చొని రాయండి. పిల్ల చదువా, ఆవా, అప్పు తీర్చడమా? ప్రతి వారం మిగిలిన డబ్బు పొదుపు సంఘంలో వేయండి. పాసు పుస్తకంలో అంకెలు మీరే చదవండి. మానిన ప్రతి రోజూ ఆ అంకెల్లో కనిపిస్తుంది.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. బెంగళూరులో నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. అక్కడ తాగుడు మాన్పించే ప్రత్యేక విభాగం ఉంది. 14446కు ఫోను చేస్తే మత్తు మానడానికి సలహా చెబుతారు. మనసు బాగా కుంగిపోతే, చావాలనిపిస్తే 14416కు ఫోను చేయండి. తెలుగులో మాట్లాడతారు. ఈ రెండు నంబర్లకూ డబ్బు పడదు.

అమ్మలారా, అన్నలారా! తాగుడు మానిన మనిషి రోజూ ఒక చిన్న గెలుపు గెలుస్తాడు. ఆ గెలుపు పేపర్లో రాదు. ఊరు చప్పట్లు కొట్టదు. కానీ ఆ ఇంట్లో ఆ రాత్రి పిల్లలు భయం లేకుండా నిద్రపోతారు. అంతకంటే పెద్ద గెలుపు ఏముంది?

జ్వరం దిగింది. పథ్యం మరవకండి. సెలవు.

మాట్లాడుకోండి, రాయండి

1. ఎక్కువగా తాగే మనిషి డాక్టరును అడగకుండా ఒక్కసారిగా ఎందుకు మానకూడదు?

2. యావ వచ్చినప్పుడు గుర్తు పెట్టుకోవలసిన నాలుగు మాటలు ఏవి?

3. యావ ఎక్కువగా వచ్చే నాలుగు సమయాలు ఏవి?

4. మీ ఊర్లో తాగుడు మానిన వాళ్లు సాయంత్రం కూర్చోవడానికి ఏ చోటు బాగుంటుంది?

5. 14446, 14416, 108, 112, 181. ఈ నంబర్లు మీ చేతితో రాసి గోడకు అంటించండి.